పన్నెండో పేరు మరిచిన బిక్షమయ్య

కొత్తపేట రైతుబజారు వెనక సందులో బిక్షమయ్యను “ఏం సంగతులు?” అని ఎవరూ అడగరు. అడిగితే చెబుతాడు. ఎండల గురించి మొదలుపెట్టినా, ఎదురింటి పెళ్ళి గురించి మొదలుపెట్టినా, మూడో మాటకల్లా కిన్నెరవాడ పార్లమెంటు నియోజకవర్గంలోకి వచ్చి పడతాడు. గిరిజనులకు రిజర్వయిన ఆ నియోజకవర్గం హైదరాబాదుకు ఏడు గంటల బస్సు దూరంలో, అడవుల్లో ఉంది. బిక్షమయ్య అక్కడ పుట్టలేదు. ఆయనది నల్లగొండ దగ్గర పల్లె. కిన్నెరవాడలో ఆయనకు చుట్టం లేడు, సెంటు భూమి లేదు. ఇరవై ఒకటో ఏట అక్కడి ఎన్నికల ఆఫీసుకు టైపిస్టుగా వెళ్ళి, యాభై ఎనిమిదో ఏట రిటైరై బయటికొచ్చాడు. ఒళ్ళు ఒక్కటే బయటికొచ్చింది, మనిషింకా అక్కడే ఉన్నాడంటుంది భార్య అండాలమ్మ.

1967 నుంచి మొన్నటి ఎన్నిక దాకా కిన్నెరవాడలో ఎవరెవరు నిలబడ్డారో, ఎవరికి ఎన్ని ఓట్లు పడ్డాయో, ఏ బూత్‌లో ఎన్ని పడ్డాయో ఆయనకు నోటికి వచ్చు. గెలిచినవాళ్ళతో ఆపేస్తే సందు బతికిపోయేది. చిట్టచివరి ఇండిపెండెంటు పేరు, గుర్తు, ఓట్లు కూడా చెప్పిగానీ వదలడు.

ఎల్బీనగర్ వెళ్ళే షేర్ ఆటోవాళ్ళకు ఆయన టైముటేబుల్ తెలుసు. కొత్తపేటలో ఎక్కితే 1967. విక్టోరియా మెమోరియల్ దాటేసరికి 1980. రింగురోడ్డు దగ్గర సిగ్నల్ పడితే 1991 కూడా అయిపోతుంది. మెట్రో అంటే ఆయనకు గిట్టదు. “ఎక్కినంక ఒక్క ఎలక్షన్ పూర్తిగాదు. డోర్ తెరుస్తడు, దిగుమంటడు,” అని విసుక్కుంటాడు.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు, “బీపీ ఎప్పట్నుంచి?” అని అడిగాడాయన.

“తొంభై ఎనిమిది కౌంటింగ్ నుంచి. ఏడో రౌండ్ల మొదలైంది.”

డాక్టరు రాసుకున్నాడు. “ఇప్పుడెట్లుంది?”

“హద్దులు మార్చి మూడు మండలాలు గుంజుకపోయిన్రు గద సార్, అప్పట్నుంచి జర నీరసం.”

డాక్టరు అది కూడా రాసుకున్నాడు.

జూన్‌లో బిక్షమయ్య ఇంటి పైగదికి కిరాయికి వచ్చింది జ్యోతిక. ఇరవై మూడేళ్ళ పిల్ల. గ్రూప్ టూ పరీక్షకు దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్. బిక్షమయ్య సంగతి తెలియని అమాయకురాలు కాబట్టి, “ఏ ఊరు బిడ్డా?” అని ఆయన అడగ్గానే, “కిన్నెరవాడ దిక్కు సార్” అనేసింది.

లోపల వంటింట్లోంచి “అయ్యో పిల్లా!” అని వినపడింది.

బిక్షమయ్య కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. దేవుడు మెట్లెక్కి వచ్చినట్టు చూశాడు. “ఏ మండలం? ఏ ఊరు? బూత్ నెంబరెంత?”

“బూత్ నెంబరా?”

“పోనీ ఊరు చెప్పు. నెంబరు నేను చెప్త.”

అండాలమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చి, “బిడ్డా, బ్యాగు దించకు. ముందే చెప్తున్న,” అంది. “నా కొడుకు రాజు పుట్టినప్పుడు గీయన కౌంటింగ్ల ఉన్నడు. మూడో దినం దవాఖానకొచ్చిండు. పిలగాన్ని ఎత్తుకోని ‘ఎంత?’ అన్నడు. నర్సమ్మ ‘మూడు కిలోల రెండొందలు’ అన్నది. ‘మెజార్టీ తక్వుంది’ అన్నడు. గిసొంటి మనిషి. ఉంటవా మరి?”

జ్యోతిక నవ్వలేదు. బ్యాగు చేతిలోనే పట్టుకుని, ఒక్క క్షణం ఆలోచించి, “మాది మంగపాడు సార్,” అంది.

మంగపాడు ఆమె చదివిన ఆశ్రమ పాఠశాల ఉన్న మండల కేంద్రం. ఆమె సొంతూరు బండవాగు. ఆ ఊరి పేరు చెబితే ఈ ముసలాయన తన తండ్రి దాకా వచ్చేస్తాడని భయపడింది.

ఆమె తండ్రి ఈసం జానయ్య 2014లో కిన్నెరవాడ నుంచి పార్లమెంటుకు నిలబడ్డాడు. ఊరి ముందున్న వాగు మీద వంతెన లేక, వానాకాలం నాలుగు నెలలు ఆ ఊరికి దవాఖాన లేనట్టే. ఆయన మండలాఫీసు చుట్టూ తిరిగాడు. వాళ్ళు జిల్లాకు పొమ్మన్నారు. జిల్లావాళ్ళు కాగితం ఢిల్లీలో ఉందన్నారు. “ఢిల్లీల ఉంటే ఢిల్లీకే పోదాం” అని నామినేషన్ వేశాడు. ఈల గుర్తు వచ్చింది. జీపు లేదు, మైకు లేదు. మెడలో ఈల వేసుకుని ఊదుకుంటూ ఊరూరా నడిచాడు. పదమూడు మంది పోటీలో పన్నెండోవాడయ్యాడు. ఎవరికీ వెయ్యం అని నొక్కే నోటాకు పదకొండు వేలు పడ్డాయి, జానయ్యకు అందులో పదో వంతు.

ఆ ఏడాది జ్యోతిక ఆరో తరగతి. హాజరు పిలిచినప్పుడు ఆమె లేచి నిలబడితే వెనక బెంచీలోంచి ఎవరో ఈల వేసేవారు. “నోటా బిడ్డ” అని పేరు పెట్టారు. పదో తరగతి దాకా ఆ పేరు పోలేదు. జానయ్య మాత్రం ఓడిన రోజు నుంచి ఏ మీటింగులోనూ నోరు విప్పలేదు. చేను, ఇల్లు, అంతే.

అందుకే జ్యోతిక ఆధార్ జిరాక్సును బోర్లా తిప్పి ఇచ్చింది. బిక్షమయ్య దాన్ని చూడకుండానే నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. ఆమె తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది.

సాయంత్రం డాబా మీద చెట్లకు నీళ్ళు పోయడానికి వచ్చేవాడు బిక్షమయ్య. ఉన్నవి మూడు కుండీలు. పోయడానికి గంటన్నర పట్టేది. మొదట్లో జ్యోతిక పుస్తకం అడ్డం పెట్టుకుని తప్పించుకునేది. తరవాత ఎప్పుడు పుస్తకం దించిందో ఆమెకే తెలియదు.

పదిహేడు ఓట్లే ఉన్న ఒక బూత్ గురించి చెప్పాడాయన. పోలింగ్ సిబ్బంది తెల్లవారి వాగు దాటి, గుట్ట ఎక్కి అక్కడికి చేరేసరికి, పదిహేడు మందీ ముందు రోజే వచ్చి బడి అరుగు మీద పడుకుని ఉన్నారట. పొద్దున ఎనిమిదికల్లా ఓట్లన్నీ అయిపోయాయి. అయినా సాయంత్రం దాకా ఎవరూ కదల్లేదు. పోలింగ్ ఆఫీసరు ఎందుకని అడిగితే, “పెట్టె ఒక్కతే ఉంటది గద, తోడుంటున్నం” అన్నారట.

“ఎవరు గెలిచిన్రు తాతా అక్కడ?” అంది జ్యోతిక.

“తొమ్మిది, ఎనిమిది. పదిహేడు మందే ఉన్నా ఒక్కమాట మీద ఉండలే చూసినవా!” అన్నాడు బిక్షమయ్య, తన పిల్లలకు ఫస్టు క్లాసు వచ్చినట్టు.

తొంభై ఆరులో ఒక చూపులేని ముసలాయన్ని మనవళ్ళు కావడిలో పదకొండు మైళ్ళు మోసుకొచ్చారట. ఎనభై తొమ్మిదిలో తొమ్మిది ఓట్ల తేడాతో ఓడిన మనిషి, మూడు రాత్రులు లెక్కపెట్టిన గుమాస్తాలందరికీ తానే చాయ్ తెప్పించి, “మీరు అలిసిన్రు, ఇంక తిరిగి లెక్కపెట్టొద్దు” అని చెప్పి ఇంటికి వెళ్ళిపోయాడట. మొట్టమొదటి ఎంపీ బడిపంతులు. అయిదేళ్ళ తరవాత ఓడిపోతే, సోమవారం పొద్దున్నే మళ్ళీ అదే బడిలో గంట కొట్టాడట.

జ్యోతిక పుట్టి పెరిగిన అడవే అది. ఇవేవీ ఆమెకు తెలియవు. పోటీ పరీక్ష పుస్తకంలో కిన్నెరవాడ అంటే బ్రాకెట్టులో ‘ఎస్టీ’ అని రెండక్షరాలు. ఈ ముసలాయన నోట్లో అది మహాభారతమంత ఉంది. రాత్రి చదువుకుంటుంటే ఆ పదిహేడు మంది అరుగు మీద కూచుని కనిపించేవారు.

పక్కింటి భానుమూర్తి గారు రిటైరైన లెక్కల మాస్టారు. భీమవరం వైపు నుంచి వచ్చి ఇక్కడ ఇల్లు కట్టుకున్నారు. బిక్షమయ్య చెప్పే అంకెల్లో ఒక్క తప్పయినా పట్టాలని తొమ్మిదేళ్ళుగా కాచుకుని ఉన్నారు. అందుకోసమే ఒక నోట్‌బుక్ పెట్టారు. ఒకసారి చెప్పింది రాసుకుని, ఆర్నెల్ల తరవాత మళ్ళీ అడిగి సరిచూసేవారు. ఇంతవరకు ఒక్క అంకె మారలేదు. భానుమూర్తి గారి నోట్‌బుక్కులే మారాయి.

ఆగస్టులో ఒక సాయంత్రం భానుమూర్తి గారు పిట్టగోడ మీదుగా తొంగిచూసి, “ఏమండీ బిక్షమయ్య గారూ, నా నోట్‌బుక్‌లో ఇంకా 2014 ఒక్కటే మిగిలింది, ఒకసారి చెప్పండి. వర్షం వచ్చేలా ఉంది, పొట్టిగా చెప్పండి,” అన్నారు.

జ్యోతిక ఆరేసిన బట్టలు తీస్తోంది. ఆమె చేతులు ఆగిపోయాయి.

బిక్షమయ్య నీళ్ళ మగ్గు పక్కన పెట్టి మొదలుపెట్టాడు. మొదటి పేరు, రెండో పేరు, మూడు, నాలుగు. ఆమె లెక్కపెట్టుకుంటోంది. పది అయింది. “పదకొండు, టార్చిలైటు గుర్తు, పద్దెనిమిది వందల ఆరు. పదమూడు, కుట్టుమిషను, ఆరు వందల నలభై. గంతే.”

భానుమూర్తి గారు చెవులు నమ్మలేకపోయారు. “పన్నెండేదండీ?”

“పన్నెండా?” బిక్షమయ్య తల గోక్కున్నాడు. “ఏందో సారూ, యాదికొస్తలేదు.”

“గుర్తు రావడం లేదా! మీకు?”

“లేదు సారూ. ముసలితనం.”

భానుమూర్తి గారు పిట్టగోడ దిగి పరుగెత్తారు. వాన మొదలైనా గొడుగు కోసం ఆగలేదు. చీకటిపడే లోపు సందంతా తెలిసిపోయింది. మర్నాటి నుంచి ఇంటికి మందులు రావడం మొదలైంది. ఒకరు నానబెట్టిన బాదాములు పంపారు, ఒకరు సరస్వతి ఆకు తెచ్చారు. చెప్పులు కుట్టే అంతయ్య రోజూ తలకిందులుగా నిలబడమని సలహా ఇచ్చాడు. అండాలమ్మకు దిగులు పట్టుకుంది. అన్నం పెడుతూ పరీక్ష పెట్టింది.

“మన పెండ్లి ఎప్పుడయింది?”

“ఎనభై ఎలక్షనయినంక పదిహేడో రోజు.”

“బాగనే ఉన్నడమ్మా,” అంది జ్యోతికతో. “గా ఒక్కదానికాడనే బుర్ర పనిచేస్తలేదు.”

భానుమూర్తి గారు వచ్చినవాళ్ళందరి ముందూ అడిగేవారు. బిక్షమయ్య ప్రతిసారీ పదకొండు నుంచి పదమూడుకు దూకేవాడు. జనం నవ్వేవారు. ఆయన తల వంచుకుని బాదాములు నమిలేవాడు. మనిషికి ఉన్న గొప్పంతా ఆ జ్ఞాపకమే. అది పోయిందని నలుగురూ జాలిపడుతుంటే ఆయన ముఖం ఎలా ఉండేదో జ్యోతిక చూడలేకపోయేది.

మొదట ఆమెకు గండం గడిచిందనిపించింది. వారం తరవాత ఇంకోలా అనిపించింది. యాభై ఏళ్ళలో నిలబడ్డ అందరూ ఈయనకు గుర్తున్నారు. సైకిలు పోగొట్టుకున్న పోలింగ్ ప్యూను కూడా గుర్తున్నాడు. ఒక్క నాయనే గుర్తులేడు. మరిచిపోవడానికి కూడా నాయనే దొరికాడా అని ఒక రాత్రి దిండులో ముఖం పెట్టుకుని ఏడ్చింది.

డిసెంబరులో పంచాయతీ ఎన్నికలొచ్చాయి. ఒక ఆదివారం మధ్యాహ్నం జ్యోతికకు ఫోను వచ్చింది.

“బిడ్డా, ఎల్బీనగర్ల బస్సు దిగిన. ఎటు రావాలె?”

“నాయనా! చెప్పకుండ ఒచ్చినవేంది?”

“ఒచ్చినంక చెప్త.”

ఆమె ఆటోలో వెళ్ళి తీసుకొచ్చింది. దారిలో చెప్పాడు. ఊరి పెద్దలు సర్పంచ్‌గా నిలబడమని వారం నుంచి ఇంటి చుట్టూ తిరుగుతున్నారట. రేపు సాయంత్రం అయిదింటితో నామినేషన్లు ముగుస్తాయి. “గప్పటిదాక ఈడ దాసుకుంట. ఎల్లుండి పోత.”

“నిలబడరాదు నాయనా!”

“ఒకపారి నిలబడితే సాలదా? గప్పుడు కౌంటింగ్ల నాలుగు రౌండ్లు సూసి లేచి ఒచ్చిన. గెలిచినోళ్ళ మనిషి గేటుకాడ అన్నడు, మీ ఊర్లనే నీకు ఇరవై ఓట్లు రాలేదని. ఊరోళ్ళను అడిగితే అందరు ‘నీకే ఏసినం’ అన్నరు. ఓడినోనితోని అందరు గట్లనే అంటరు. గా మొఖాలను పదకొండేండ్ల నుంచి సూస్తున్న. మల్ల ఓటడుగుమంటవా?”

మెట్ల దగ్గరే ఎదురయ్యారు బిక్షమయ్య, భానుమూర్తి గారు. జ్యోతిక “మా నాయన” అని మాత్రం అంది. జానయ్య చేతులు జోడించాడు. బిక్షమయ్య ఆయన్ని చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ చూశాడు. పక్కకు జరిగి మెట్లకు దారి ఇచ్చాడు.

భానుమూర్తి గారు ఊరుకోలేదు. “మీదీ కిన్నెరవాడేనటగా! మీరైనా ఈయనకు సాయం చెయ్యండి. 2014లో పన్నెండో ఆయన పేరు పాపం నాలుగు నెలలుగా గుర్తురావడం లేదు. ఏదీ బిక్షమయ్య గారూ, ఒకసారి చెప్పండి. పదకొండు?”

“ఒద్దు సారూ,” అన్నాడు బిక్షమయ్య. “యాదికి లేదు. ఇడిసిపెట్టుండ్రి.” ఆ గొంతులో బతిమాలడం ఉంది.

జానయ్య తల దించుకున్నాడు. జ్యోతిక ఇద్దరినీ చూసింది. తండ్రి వంచిన తల, ముసలాయన వంచిన తల. ఆమెకు అప్పుడు అర్థమైంది. ఆయన మరిచిపోలేదు. ఒక్కనాడూ మరిచిపోలేదు.

“పన్నెండు, ఈసం జానయ్య,” అంది గట్టిగా. “ఈల గుర్తు. బండవాగు. మా నాయన.”

భానుమూర్తి గారు ఒక మెట్టు కిందికి దిగారు.

“చెప్పు తాతా,” అంది జ్యోతిక. “మొత్తం చెప్పు.”

బిక్షమయ్య ఆమె ముఖంలోకి చూశాడు. నిజంగానే అడుగుతోందని తేల్చుకున్నాక, ఆఫీసరు ముందు నిలబడ్డట్టు నిటారుగా నిలబడ్డాడు.

“పన్నెండు, ఈసం జానయ్య, ఇండిపెండెంటు, ఈల. వెయ్యిన్ని నూట నలభై ఆరు. బూత్ నెంబరు నూట నలభై ఒకటి, బండవాగు. పోలైనవి రెండు వందల పన్నెండు. అండ్ల ఈల గుర్తుకు నూట ఎనభై ఏడు.”

జానయ్య తలెత్తాడు. “ఎన్ని?”

“నూట ఎనభై ఏడు.”

“బండవాగులనా?”

“బండవాగులనే. నమ్మకపోతే కాయితముంది.” ఆయన లోపలికి వెళ్ళి, మంచం కింది పెట్టెలోంచి బూత్‌ల వారీ లెక్కల కాగితం తెచ్చాడు. మిగిలినవన్నీ అక్కడే వదిలేసి, సరిగ్గా అదొక్కటే తెచ్చాడు. “నువ్వు లేచి పోయినంకనే నూట నలభై ఒకటి లెక్కకొచ్చింది జానయ్యా. నేను రిటైరయి గేటు బయట నిలవడ్డ. లోపలోళ్ళు కాయితం ఇచ్చేసరికి నువ్వు బస్సెక్కినవట.”

జానయ్య కాగితం మీద వేలు పెట్టి ఆ గడిని రెండుసార్లు చదివాడు.

“ఇంకోటి చెప్త,” అన్నాడు బిక్షమయ్య. “నువ్వు ఈల ఊదుకుంట నడిచిన ఊర్లు ఇరవై మూడు. ఒక్కదాంట్ల సున్నా లేదు. గెలిచినాయనకు నాలుగు బూతుల్ల సున్నా. కాళ్ళతోని తిరిగిన ప్రతి ఊరు ఓటేసిన మనిషిని గీ యాభై ఏండ్లల్ల నిన్నొక్కన్నే చూసిన.”

 జానయ్య కాగితం ఒళ్ళో పెట్టుకుని మెట్టు మీద కూచున్నాడు. “మరి గా ఇరవై అయిదు మంది ఎవరు సారూ?” అన్నాడు.

“గది రహస్య ఓటు. నాకు తెల్వదు. తెలిసినా మర్చిపోత. మరుచుడు ఈ మధ్యన్నే నేర్చుకున్న.”

జానయ్య పకపకా నవ్వాడు. తన తండ్రికి అంత పెద్ద నవ్వు ఉందని జ్యోతిక మరిచేపోయింది.

“బస్సెన్ని గంటలకు బిడ్డా?” అన్నాడాయన లేస్తూ.

అండాలమ్మ చపాతీలు కట్టి ఇచ్చింది. నలుగురూ ఆటోలో ఎల్బీనగర్ వెళ్ళారు. బిక్షమయ్య దారి పొడుగునా ఒక్క ఎన్నిక మాట కూడా ఎత్తకుండా డ్రైవరు భుజం తడుతూ “పోనియ్, జల్ది పోనియ్” అంటున్నాడు. ఆయన్ని ఎరిగిన ఆ డ్రైవరు ఉపేంద్ర అద్దంలోంచి చూసి, “పెద్దాయనకు పానం బాగలేదా అమ్మా? అరవై ఏడు కూడ మొదలువెట్టలే!” అన్నాడు.

బస్సు కదిలాక జ్యోతిక అడిగింది. “తాతా, నీకు ఎప్పట్నుంచి ఎరుక?”

“ఆధార్ల తండ్రి పేరుంటది గద బిడ్డా.”

“మరి నాలుగు నెలలు అందరితోని నవ్విపిచ్చుకున్నవెందుకు?”

“నువ్వు మంగపాడు అన్నవు గద. దాసుకున్నవంటే కారణముంటది. నువ్వు దాసింది నేను బయటవెట్టాల్నా?” గొంతు తగ్గించాడు. “బాదాములు బాగనే ఉన్నయి లే.”

అండాలమ్మ మొగుడి వంక కొత్తగా చూసి, “నాకైనా చెప్తే ఏమాయె! సరస్వతి ఆకు రుబ్బి రుబ్బి సేతులు పడిపోయినయి,” అంది.

భానుమూర్తి గారు తన నోట్‌బుక్‌లో పన్నెండో గడి నింపి, తప్పు తనదేనని ఇంటింటికీ వెళ్ళి చెప్పి వచ్చారు. గొడుగు వేసుకుని, నెమ్మదిగా.

పోలింగ్ జరిగిన రోజే లెక్కింపు. సాయంత్రం ఆరింటికి జ్యోతిక ఫోను మోగింది. జానయ్య కూతురితో రెండే మాటలన్నాడు. “ముప్పై ఒక్క ఓట్లతోని గెలిచిన బిడ్డా. సారుకియ్యి.”

బిక్షమయ్య ఫోను చెవికి పెట్టుకుని కుర్చీలో కూచున్నాడు. అవతల జానయ్య మొదటి వార్డు నుంచి మొదలుపెట్టాడు. పొద్దున ఎవరు ముందొచ్చారు, ఎవర్ని ఎవరు ఎత్తుకొచ్చారు, వాగవతల నుంచి ముసలమ్మ ఎలా దాటింది, పెట్టె దగ్గర ఏమంది. అరగంట గడిచింది. బిక్షమయ్య “ఊ” అనడం కూడా మానేశాడు. కళ్ళు మూసుకుని వింటున్నాడు.

ఇంత సేపు మొగుడి గొంతు వినపడకపోవడంతో అండాలమ్మ వంటింట్లోంచి కంగారుగా వచ్చింది. నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. జ్వరం లేదు. భుజం పట్టి కుదిపి, “ఏమైంది? మాట్లాడవేంది?” అంది.

బిక్షమయ్య కళ్ళు తెరవకుండానే ఫోను మీద అరచెయ్యి అడ్డం పెట్టి, ఆమెను పక్కన కూచోమని సైగ చేశాడు.

“ష్! ఆరో వార్డు నడుస్తుంది.”